చిన్నరంగప్ప అప్పజెప్పిన మాటలు

ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు నాయనా. పెట్టవులే, తెలుసు. నోటితో ఊ కొడుతూ బొటనవేలితో దాన్ని పైకీ కిందికీ తోస్తూనే ఉంటావు. మధ్యలో నేను నీ ఇల్లు కాలిపోయిందని చెప్పినా ఊ అనే అంటావు. పర్వాలేదు, తల దించుకోకు. ఈ విషయంలో నిన్ను మించినవాడు కన్నడ సరిహద్దు ఊరు తిరుమణిలో ఒకడున్నాడు. వాడి సంగతి వింటే నీమీద నీకే కాస్త గౌరవం పెరుగుతుంది.

వాడి పేరు చిన్నరంగప్ప. ఆరో తరగతి సగంలో బడికి దండం పెట్టి తాతల నాటి గొర్రెల వెంట పడ్డాడు. ఆ గొర్రెలు మేసిన నేల సోలార్ పార్కుకి పోయాక, ఇప్పుడు అదే నేల మీద ప్లేట్లు కడుగుతున్నాడు. నీళ్ళ ట్యాంకరు లాగుతూ ట్రాక్టరు ముందు పోతుంటే, పొడుగు కర్రకి బిగించిన బ్రష్షుతో అద్దాల మీద దుమ్ము తుడుస్తూ వెనకాల నడవడం అతని పని. పని చేతులది. నోటికి పొద్దంతా సెలవు. ఆ సెలవుని అతను ఒక్కపూటా ఊరికే పోనివ్వలేదు.

కొత్తగా వచ్చిన ఇంజనీరొకాయనకి, మొదటిసారి ప్లేట్ల మధ్యకి పోయేవాళ్ళు చెప్పులు విప్పి పోవడం మా సీమ పద్ధతి సార్ అని చెప్పాడు. అంత గంభీరంగా చెబితే ఎవరు నమ్మరు? మే నెల ఎండలో ఆయన బూట్లు చేత పట్టుకుని, కాలు కింద పెడితే కాలుతుందని కొంగలాగా ఒంటికాలి మీద మార్చిమార్చి నిలబడుతుంటే, ట్యాంకరు చాటున అందరూ కడుపులు పట్టుకున్నారు. సంగతి తెలిశాక ఆ ఇంజనీరే చిన్నరంగప్పకి టీ ఇప్పించాడు. అతని దగ్గర మోసపోయినవాళ్ళకి కూడా అతనంటే ఇష్టం. అదే అతన్ని చెడగొట్టింది.

అతని కథలన్నిట్లో పేరున్నది వాచ్‌మన్ కథ. అది అతని అక్క కూతురు శిల్పశ్రీ మీద కట్టిన కథ.

ప్లేట్లు కడిగిన నీళ్ళు కారిన చోటల్లా పచ్చగడ్డి మొలుస్తుంది. బయట నేలంతా ఎండిపోయినప్పుడు ఆ పచ్చదనం చూసి గొర్రెపిల్లలు కంచె కింద దూరి లోపలికి పోతాయి. పోయిన ఏడాది ఎండల్లో అక్క వాళ్ళ గొర్రెపిల్లలూ అట్లానే పోయాయి. అప్పుడు చిన్నరంగప్ప, శిల్పశ్రీ ఇద్దరే ఉన్నారు. శిల్పశ్రీని కంచె దగ్గర నిలబెట్టి, వాటిని లోపల్నుంచి తోలించడానికి అతను గేటు దాకా పోయి, వాచ్‌మన్ భరత్‌కుమార్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చేసరికి శిల్పశ్రీ లంగా తడిసి ఉంది.

టీ అంగడిలో ఈ కథ చెప్పేటప్పుడు అతను లేచి నిలబడేవాడు. "భరత్ మీసాలు మీకు తెలుసు కదప్పా. ఆ మీసాలు దూరం నుంచి వస్తాండేది చూసింది మా పాప. కంచె పట్టుకొని నిలబడింది నిలబడినట్లే..." అంటూ నీళ్ళ గ్లాసు తీసుకుని, మెల్లిగా, సన్నటి ధారగా కింద పోసేవాడు. ఆ ధార నేలకి తగిలేసరికి అంగడి గొల్లుమనేది. భరత్‌కుమార్ కూడా మీసం దువ్వుకుని నవ్వేవాడు.

ఆ ఇళ్ళల్లో మేనకోడల్ని ఏడిపించడం మేనమామ హక్కు. అడ్డం వచ్చేవాళ్ళుండరు. పిల్ల అలిగితే పిల్లనే కసురుతారు. మొదట్లో శిల్పశ్రీ కూడా అందరితోపాటు నవ్వేది. తర్వాత ఒకసారి అతని చొక్కా అంచు పట్టుకుని, "మామా, ఆ కథ చెప్పద్దు మామా" అంది. మరుసటి రోజు నుంచి కథలో ఆ ముక్క కూడా చేరింది. లంగా రెండు చేతులా పట్టుకున్నట్టు అభినయించి, సన్నగొంతుతో "ఆ కథ చెప్పద్దు మామా" అనేవాడు. దానికి ఇంకా ఎక్కువ నవ్వేవాళ్ళు.

జూన్‌లో బళ్ళు తెరిచారు. శిల్పశ్రీ ఐదో తరగతి. మొదటి వారం రెండు రోజులు పోయి, మూడో రోజు నుంచి కడుపునొప్పి అంది. రెండో వారం సంచీ తగిలించుకుని బయలుదేరి, గొర్రెల దొడ్డి వెనక దొరికింది. వాళ్ళ నాయన ధనంజయ ఒక దెబ్బ వేశాడు. అయినా పోలేదు. ఎందుకు పోవంటే నేల చూసేది.

"మా నిడుగల్లు చిన్నమ్మకి గొర్రెలెంబడి పోయేకి మనిషి కావల్లంట" అన్నాడు ధనంజయ చివరికి. "బడి వద్దంటాది కదా, ఆడన్నా ఉండనీ. సోమవారం ఇడ్సి వస్తా."

అతని భార్య హనుమంతమ్మ తమ్ముడి ఇంటికి పోయి గుమ్మం దగ్గర కూర్చుంది. "నేను యాలిముద్రదాన్ని రా రంగా. ఈ బిడ్డన్నా పేరు రాసుకుంటాదని ఆశ పెట్టుకుంటి. నీతో అయితే నవ్వుతాది, మాట్లాడుతాది. ఏంటికి పోనంటాదో కొంచెం అడగరా."

చిన్నరంగప్ప అడిగాడు. ఎట్లా అడిగాడంటే, "ఏం పాపా, నీ తెలివి చూసి మిస్సు బెదిరిపోతాదని బడికి పోలేదా?" అని. శిల్పశ్రీ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. "అడిగినానక్కా, ఏమీ చెప్పలా" అని అక్కతో చెప్పాడు. అబద్ధం చెబుతున్నానని అతనికి అనిపించలేదు కూడా.

శనివారం బడిలో పోషకర సభె. పిల్లల పెద్దలందరినీ పిలిచి కూర్చోబెడతారు. విత్తనం చెనక్కాయలు వలిచే పని ముందర పడి ఉందని హనుమంతమ్మ తమ్ముణ్ణి పంపింది. మంజుశ్రీ అని కొత్తగా వచ్చిన టీచరు, కన్నడంలో కొంత, తెలుగులో కొంత, పిల్లలతో ఎట్లా మాట్లాడాలో చెప్పింది.

"పిల్లలు ఏదన్నా చెప్పేటప్పుడు మధ్యలో దూరకండి. అప్పుడే బుద్ధులు చెప్పకండి. వాళ్ళు ఏమి చెప్పినారో అది ఒకసారి తిరిగి చెప్పండి. అప్పుడు వాళ్ళకి, ఓహో, నా మాట వీళ్ళకి చేరింది అనిపిస్తాది. నీకు బాధయింది కదా, నీకు కోపం వచ్చింది కదా అని వాళ్ళ మనసులో ఉండేదానికి పేరు పెట్టండి. ఇంకా ఏమయింది అని అడగండి. అడిగి, ఊరికే ఉండండి."

చిన్నరంగప్ప లేచాడు. అతను లేస్తేనే వెనక బెంచీల్లో నవ్వు మొదలవుతుంది.

"ఒక అనుమానం మిస్. పాప వచ్చి ఆకలయితాంది అంటే, ఓహో నీకు ఆకలయితాందా, ఇంగా ఏమయితాంది అని అడిగి ఊరికే కూకోవల్లా? మరి ముద్ద ఎవురు పెట్టల్ల?"

టీచరు కూడా నవ్వేసింది. "ముద్దా పెట్టండి రంగప్పా. ముందు వినండి."

బయటికి వస్తూనే అతనికి ఆట తట్టింది. ఆ సాయంత్రం అక్క ఇంటి ముందు నలుగురూ ఉంటారు. శిల్పశ్రీని ఎదురుగా కూర్చోబెట్టి, టీచరు చెప్పినట్టు, అది ఏమంటే అది తిరిగి అనాలి. పిల్ల నిజంగానే మామ మారిపోయాడనుకుని మాట్లాడుతుంది, తాను చిలకలాగా అప్పజెబుతాడు, జనం నవ్వుతారు. బడి సంగతి బయటపడితే పడుతుంది, పడకపోయినా పొద్దు బాగా గడుస్తుంది.

పొద్దు వాలేసరికి వాకిట్లో చెనక్కాయల కుప్ప చుట్టూ అందరూ కూర్చున్నారు. హనుమంతమ్మ, పక్కింటి ముసలామె ఎల్లక్క, ట్యాంకరు ట్రాక్టరు నడిపే అమరనాథ్, అతని భార్య. ధనంజయ గోడకి ఆనుకుని ఉన్నాడు. శిల్పశ్రీ తల్లి పక్కన కాయలు ఒత్తుతూ ఉంది.

"ఇనండప్పా" అన్నాడు చిన్నరంగప్ప, కుప్పకి ఎదురుగా గొంతుక్కూర్చుని. "ఈ పొద్దు మిస్సు నాకు కొత్త విద్య నేర్పించింది. పిల్లోళ్ళు ఏమి చెప్తే అది తిరిగి చెప్పల్లంట. అప్పుడు వాళ్ళ మనసు ఇడుస్తాదంట. శిల్పమ్మా, చెప్పు. ఏమన్నా చెప్పు."

"ఏం చెప్పల్ల?"

"ఏం చెప్పల్ల అని అంటాండావు." తల గంభీరంగా ఊపాడు. అందరూ నవ్వారు.

"నాకు ఈ ఆట వద్దు మామా."

"నీకు ఈ ఆట వద్దని నీ మనసులో ఉండాది. ఇంగా ఏముండాది?"

ఎల్లక్క బోసినోటితో పగలబడి నవ్వింది. "ఈని బుద్ధి పుడకల్లోకి పొయినా మారదు" అంది ముద్దుగా.

శిల్పశ్రీ తల ఎత్తి చూసింది. తల్లి నవ్వు ఆపుకుంటూ తమ్ముడి మొహం చూస్తోంది. నాయన కూడా గోడ వదిలి కాస్త ముందుకు వంగాడు. అందరూ చిన్నరంగప్ప నోటికేసే చూస్తున్నారు, ఇంకేమంటాడా అని. పిల్ల ఒళ్ళో ఉన్న గింజల్ని చేటలో పోసి, చేతులు దులుపుకుంది.

"నేను ఏమి చెప్పినా అంటావా మామా?"

"ఏమి చెప్పినా అంటా."

"నడుమ ఇడ్సకుండా?"

"ఇడ్సకుండా. మా దేవుని ఆన."

"నాకు బడి అంటే ఇష్టమే" అంది శిల్పశ్రీ.

"నీకు బడి అంటే ఇష్టమే" అన్నాడు పెద్దగా.

"బళ్ళో చందన్ వాళ్ళు నా ఎనక నీళ్ళు పోస్తారు. బాటిల్‌తో. సన్నగా."

"బళ్ళో చందన్ వాళ్ళు నీ ఎనక నీళ్ళు పోస్తారు. సన్నగా." అలవాటు కొద్దీ గొంతు పాట పాడినట్టే వచ్చింది. కానీ ఈసారి నవ్వు రాలేదు. చందన్ నాయన అమరనాథ్ చేతిలో కాయ ఒత్తకుండానే ఆగిపోయింది.

"పోసి, వాచ్‌మన్ వస్తాండాడు, వాచ్‌మన్ వస్తాండాడు అని అరుస్తారు."

"వాచ్‌మన్... వస్తాండాడని అరుస్తారు."

"ఆ కథ వాళ్ళకి నువ్వు చెప్పిన కథే."

చిన్నరంగప్ప నోరు తెరిచాడు. ఎక్కడైనా ఒక నవ్వు దొరుకుతుందేమో, దాని చాటున తప్పుకుందామని చుట్టూ చూశాడు. దొరకలేదు.

"అనప్పా" అంది ఎల్లక్క. "దేవుని మీద ఆన పెడ్తివి కదా."

"ఆ కథ... వాళ్ళకి నేను చెప్పిన కథే."

"నేను వాచ్‌మన్‌ని చూసి బెదరలా."

"నువ్వు వాచ్‌మన్‌ని చూసి బెదరలా."

"నువ్వు నాకు కంచె పైకెత్తి పట్టుకోమని చెప్పితివి. నేనొచ్చేదాకా ఇడ్సద్దు, గొర్రెపిల్లలు ఈ సందులోనే బయటికి రావల్ల అంటివి."

ఆ మాట తిరిగి అంటుంటే అతనికి ఆ రోజు కళ్ళకి కట్టింది. అవును, అన్నాడు. కంచె అడుగున ముళ్ళతీగె ఉంది. దాన్ని చిన్నచేతుల్లో పెట్టి అన్నాడు. అని, గేటు దగ్గరికి పోయాడు.

"పిల్లలు వచ్చేసినాయి" అంది శిల్పశ్రీ. "ఇంగా ఒకటి లోపలే ఉండాదేమో అనుకుంటి. ఇడిస్తే తీగె దాని మెడ మీద పడుతాది. నాకు ఒంటేలికి వచ్చింది. నువ్వు రాలా."

అతను ఒక్కొక్క మాటే అన్నాడు. పిల్లలు వచ్చేసినాయి. తీగె మెడ మీద పడుతాది. నీకు ఒంటేలికి వచ్చింది. చివరికి ఇదీ అన్నాడు: "నేను రాలా."

ఎందుకు రాలేదో ఆ వాకిట్లో అతనికొక్కడికే తెలుసు. భరత్‌కుమార్ గుడిసెలో టీ తాగుతూ, ఆ మీసాలకి ఏ నూనె రాస్తావు అని ఏడిపిస్తూ కూర్చున్నాడు. ఒక గ్లాసు అయ్యాక ఇంకో గ్లాసు పోయించుకున్నాడు. ఇన్నిసార్లు కథ చెప్పాడు కానీ ఆ గుడిసె సంగతి కథలోకి ఎప్పుడూ రాలేదు. దాచాడని కాదు. దానివల్ల నవ్వు రాదు కనక అది అతనికి ఇన్నాళ్ళూ గుర్తే రాలేదు.

టీచరు ఇంకేదో చెప్పింది. మనసులో ఉన్నదానికి పేరు పెట్టమంది. అతను వెతికాడు. "నీకు... అప్పుడు సిగ్గయింది" అన్నాడు.

"అప్పుడు కాలా మామా. నువ్వొస్తే, చూడు ఇడ్సలేదు అని చెప్పల్లనుకుంటి. నువ్వు చూసి నవ్వితివి. అప్పుడయింది."

ఈ మాట అతను తిరిగి అనలేదు. ఎల్లక్క కూడా అనమని అడగలేదు. చేతులు ఏం చేయాలో తెలియక ఒక చెనక్కాయ తీసుకుని ఒత్తాడు, అది పగల్లేదు. ఊళ్ళో ఎవరి మొహమైనా ఎట్లా మాడిపోతుందో అభినయించి చూపగలడు. తన మొహం ఇప్పుడెట్లా ఉందో చూపించమంటే చూపించలేడు. హనుమంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ధనంజయ కూతుర్ని కొట్టిన చేతిని తొడ కింద పెట్టుకున్నాడు.

"ఇంగా ఏముండాది పాపా?" అని అడిగాడు చిన్నరంగప్ప. ఈసారి తల ఊపలేదు.

"ఇంగేం లేదు" అంది శిల్పశ్రీ. చేట దగ్గరికి లాక్కుని మళ్ళీ కాయలు ఒత్తడం మొదలుపెట్టింది.

అమరనాథ్ లేచి, భార్యకి సైగ చేసి, చందన్ ఎక్కడున్నాడో వెతుక్కుంటూ పోయాడు. ధనంజయ కాసేపటికి, "నిడుగల్లుకి ఎవురూ పోయే పన్లేదులే" అని గోడకి చెప్పినట్టు చెప్పాడు. చిన్నరంగప్ప ఎవరితోనూ చెప్పకుండా లేచి ఇంటికి పోయాడు. ముద్ద ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. మరుసటి రోజు ఆదివారమంతా బయటికి రాలేదు. జ్వరమేమో అనుకున్నారు. ఇదేదో కొత్త నాటకమని కొందరు తలుపు సందులోంచి తొంగి కూడా చూశారు.

సోమవారం పొద్దున్నే అక్క ఇంటి ముందు నిలబడ్డాడు. శిల్పశ్రీ సంచీ తగిలించుకుని బయటికి వచ్చింది. ఇద్దరూ బడి దారి పట్టారు. టీ అంగడి దాటిపోదామని అతను అడుగు పెద్దగా వేశాడు కానీ లోపల్నుంచి భరత్‌కుమార్ చూడనే చూశాడు. పక్కన ఇంకో వాచ్‌మన్ ఉన్నాడు.

"రంగన్నా, రా, రా. ఈయప్ప కొత్తగా వచ్చినాడు డ్యూటీకి. మన కథ ఒకతూరి చెప్పు." భరత్‌కుమార్ అప్పుడే నీళ్ళ గ్లాసు ముందుకి జరిపాడు.

చిన్నరంగప్ప పిల్ల వైపు చూశాడు. పిల్ల సంచీ పట్టీ సర్దుకుంటూ ఎదురు చూస్తోంది. అతను గ్లాసు ముట్టుకోలేదు.

"ఆ పొద్దు నీ గుడిసెలో నేనేం చేస్తాంటి భరత్?"

"ఏం చేస్తాంటివి, టీ తాగుతాంటివి. నా మీసాలని ఏడిపిస్తాంటివి."

"అంతసేపూ ఈ పాప ముళ్ళతీగె పైకెత్తి పట్టుకోనుండె. నేను ఇడ్సద్దంటి. ఇడ్సలా. నేనే మర్చిపోతి. అదే కథ."

కొత్త వాచ్‌మన్ నవ్వడానికి సిద్ధంగా పెట్టుకున్న మొహంతో కాసేపు చూశాడు. "అంతేనా అన్నా?"

"అంతే."

అంగడిలో ఎవరూ నవ్వలేదు. అతను నోరు విప్పాక అక్కడ నవ్వు రాకపోవడం అదే మొదటిసారి. పాపని తీసుకుని మళ్ళీ దారిన పడ్డాడు. బడి గేటు కనిపించేదాకా ఓర్చుకుని, ఇక ఉండబట్టలేక ఆగాడు.

"పాపా, ఒక మాట. శనివారం నేను నీ మాట ఇందామని కూకోలా. అందరినీ నవ్విద్దామని, నిన్ను ఏమార్చి ఆట ఆడిస్తి. నువ్వు మామ నిజంగానే అడుగుతాండాడు అనుకొని, మనసులో ఉండేదంతా చెప్పేస్తివి. అది ఇంగా తప్పు."

"ఆట అని నాకు తెల్సు మామా" అంది శిల్పశ్రీ.

"తెల్సా? తెల్సి ఏంటికి చెప్పితివి?"

పిల్ల గేటు మీద చేయి వేసి వెనక్కి తిరిగింది. "నేను చెప్తే ఎవురూ ఇనరు కదా. నువ్వు నోరు తెరిస్తే అందరూ పని ఇడ్సి ఇంటారు. ఏమి చెప్పినా అంటానంటివి. అందుకే నీతోనే చెప్పిస్తి."